మామగారి సాక్ష్యం

రైల్వే స్టేషన్ దగ్గర మా ఆయన టాక్సీని డివైడరుకు గుద్దాడు. ఎవరికీ ఏం కాలేదు, అదొక్కటే మేలు. పోలీసు వచ్చి, వాసన చూసి, తాగి నడిపాడని కేసు రాసేశాడు. తాగిన మాట నిజమే. స్నేహితుడి బిడ్డకు పేరు పెట్టారట, కాదనలేకపోయాడట. వాళ్ల బిడ్డకు పేరు పెట్టడానికి వెళ్లి నా పిల్లల నోట్లో మట్టి కొట్టావు కదా అని నోటికొచ్చినట్టు తిట్టాను.

చౌక్తడా పేటలో ఒక బర్మా లాయరమ్మను పట్టుకున్నాం. తాగి నడిపిన నేరం రుజువైతే లైసెన్సు పోతుందట. అజాగ్రత్తగా నడిపాడన్న చిన్న నేరానికి దించగలిగితే జరిమానాతో బయటపడొచ్చట. ఊదించి చూసే మిషను ఆ రోజు పోలీసుల దగ్గర లేదు. వాళ్లకున్న ఆధారమల్లా ఆ వాసనే. అది దగ్గు సిరప్పు వాసనని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చెబితే చాలని, ఆవిడ మా మామగారి వైపు చూసింది.

మామగారు మేముండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో తాతల నాడు బర్మా వచ్చిన మా తెలుగువాళ్ల చర్చికి సంఘపెద్ద. తాగుడు గురించి ఆయన మాట్లాడుతుంటే వెనక బెంచీల్లో మగాళ్లు తలలు వంచుకునేవారు. పెళ్లికి ముందు మా ఆయన బాగా తాగేవాడు. నాన్న కళ్లల్లోకి చూడలేకే మానేశానని నాతో ఎన్నోసార్లు చెప్పాడు. అలాంటి పెద్దమనిషిని అబద్ధమాడమని ఏ నోటితో అడుగుతాం? మేం అడగలేదు. ఇంటికొస్తుంటే బస్సులో ఆయనే అన్నారు, "నాను సెప్తాన్లే" అని. వద్దు మావయ్యా అనడానికి నాకు నోరు పెగల్లేదు. లైసెన్సు పోతే మేం తినేదేమిటి?

కోర్టులో ప్రమాణం చేయించడానికి గుమాస్తా బైబిలు కోసం బీరువా వెతుకుతుంటే, మామగారు తన భుజం సంచీలోంచి తెలుగు బైబిలు తీసి దాని మీద చెయ్యి పెట్టారు. ఎక్కడికెళ్లినా వెంట ఉండేదే అది. కొడుక్కి దగ్గు ఎక్కువగా ఉంటే ఆ సాయంత్రం తానే సిరప్పు పోశానని బర్మీస్‌లో చెప్పారు. ఒక్క మాట తడబడలేదు. ఆ తెల్ల జుట్టు చూశారో ఏమో, జడ్జిగారు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నేరం దించి, జరిమానా కట్టించుకుని పంపేశారు. హమ్మయ్య, పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. నేను లాయరమ్మ చేతులు పట్టుకుని వదలకుండా ఉంటే, మామగారు అప్పటికే బస్టాపు వైపు నడిచిపోతున్నారు.

ఆ తర్వాత ఆయన చర్చిలో లేచి మాట్లాడటం మానేశారు. గొంతు బాగోలేదని చెప్పారు. అందరూ నమ్మారు. నేనూ నమ్మినట్టే ఉన్నాను, ఏం చెయ్యను?

ఈ వానాకాలం మొదట్లో మా ఆయన మళ్లీ తాగొచ్చాడు, అదీ పట్టపగలు. టాక్సీ తాళాలు బల్ల మీద పడేసి, ఏమీ ఎరగనట్టు అన్నం పెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తాళాలు తీసుకుని తిన్నగా మామగారి దగ్గరికి వెళ్లి, మీరొక్కసారి గట్టిగా చెప్పండి, మీ మాటైతే వింటాడు అన్నాను.

"ఆడి మొకం నానెలాగ సూసీదమ్మా? ఏటని సెప్పీది?" అన్నారాయన.

నాకు ఏడుపు ఆగలేదు. లైసెన్సు పోయినా ఏ కూలి పనో చేసుకుని బతికేవాళ్లం. మా ఆయన్ను ఆపగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉండేవారు, ఆయన్ను మేమే కోర్టుకు తీసుకెళ్లి పోగొట్టుకున్నాం.