పాదాలున్న తెలుగు అక్షరాలు

దీదీ పోయారని మంగళవారం ఉదయం స్టాఫ్ రూములో ఉండగా ఫోన్ వచ్చింది. మా దీవిలో, మిడిల్ పాయింట్ అనే పేటలో, మా పక్కవాటాలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నారు. మా స్కూల్లోనే తెలుగు టీచరుగా రిటైరయ్యారు. పిల్లలూ, మేమూ, చేపలమ్మే మనిషీ అందరూ దీదీ అనే పిలిచేవాళ్లం. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఆవిడ గురించి ఎవరికైనా వెంటనే చెప్పాలన్న తొందర పుట్టింది. ఆ తొందర ఇప్పటికీ తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

దీదీకి లావు అక్షరాలంటే పిచ్చి. ఓడలో వచ్చే చెక్కపెట్టెల మీద బండగా, కింద పలకల్లాంటి పాదాలతో ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసి ఉండేవి. జెట్టీలో ఏ మూల నిలబడినా చదవొచ్చు. "వాటికి పాదాలున్నాయి చెల్లీ, మన తెలుగేమో గుండ్రంగా దొర్లిపోతోంది" అనేవారు. ఇక కూర్చుని పాత చార్టుల వెనక గీయడం మొదలుపెట్టారు. గీత ఎక్కడా సన్నబడకూడదు. తలకట్టు చిన్న చెక్కముక్కలా నలుచదరంగా ఉండాలి. అక్షరం అడుగు చదునుగా గీతమీద కూర్చోవాలి. చేయి తిరిగి ఆగిన చోటల్లా ఒక దిమ్మ. లావు చేస్తే అక్షరాల కడుపుల్లోని ఖాళీలు పూడుకుపోయేవి, అందుకని అక్షరాలను వెడల్పు చేశారు. 'ప', 'వ' దూరం నుంచి ఒకేలా కనబడుతున్నాయని ఒక వేసవి సెలవంతా ఆ రెండింటితోనే గడిపారు. లెక్కల టీచరునైన నన్ను మైదానం అవతల నిలబెట్టి చదవమనేవారు. నేను తప్పు చదివితే ఆవిడకు సంతోషం, సరిచేయడానికి ఇంకొకటి దొరికిందని.

అవి దేనికి పనికొస్తాయని నేనూ అడిగాను. నవ్వి, మళ్లీ కుంచె ముంచారు.

సునామీ వచ్చిన వారంలో మా స్కూలే శిబిరమైంది. దక్షిణ దీవుల నుంచి ఓడల్లో జనం దిగుతున్నారు. దిగినవాళ్ల పేర్లు పెన్నుతో రాసి గోడకు అంటించేవారు, హిందీలో, ఇంగ్లీషులో. ఆ కాగితాల ముందు హోప్ టౌన్ నుంచి రోజూ ఫెర్రీలో వచ్చే ఒక ముసలమ్మ నిలబడేది. పేరు సింహాచలమ్మ. కొడుకు ఆ దక్షిణ దీవుల్లోని క్యాంప్‌బెల్ బేలో తాపీ పనికి వెళ్లాడు, కబురు లేదు. నాలుగో రోజు మా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

"హిందీ మాటాడతాను గానీ సదవనేను బేటీ. తెలుగైతే కూడబలుక్కుంటాను. మావోడి పేరు ఇందులో ఉన్నాదో నేదో సూడు."

లేదు. దీదీ రెండుసార్లు చూశారు. తరవాత ముసలమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుని, అబ్బాయి చదువుకున్నాడా అని అడిగారు. తెలుగు మీడియంలో మూడో తరగతి దాకా అని చెప్పింది. దీదీ లేచి నా చెయ్యి పట్టుకున్నారు.

"వచ్చినవాళ్ల పేర్లు మనం చదువుకుంటున్నాం చెల్లీ. ఎదురు చూస్తున్నవాళ్ల పేర్లు ఓడ మీదున్నవాళ్లకి ఎలా తెలుస్తాయి?"

ఇంట్లోని తెల్ల దుప్పట్లన్నీ తెచ్చాం. పడవలకు వేసే నల్ల రంగు పొరుగాయన ఇచ్చాడు. మూడంగుళాల కుంచెతో దీదీ నేలమీద మోకాళ్లూని రాస్తుంటే నేను దుప్పటి లాగిపట్టాను. 'హోప్ టౌన్ సింహాచలమ్మ ఇక్కడుంది.' ఒక్కో అక్షరం మూరెడు. 'మ్మ' కింది వత్తుకు కూడా అంతే లావు. మిగతా దుప్పట్ల మీద, అలాగే ఎదురుచూస్తున్న ఇంకో పదకొండు మంది పేర్లు. మర్నాడు ఓడ వచ్చే వేళకు జెట్టీ కమ్మీలకు కట్టాం.

ఆ తరవాతి సంగతి నాకు ఆ అబ్బాయే చెప్పాడు. హోప్ టౌన్ కొట్టుకుపోయిందని ఎవరో అన్నారట. తల్లి లేదనుకుని, దిగగానే విశాఖపట్నం పోయే ఓడెక్కి మేనత్త దగ్గరికి వెళ్లిపోదామని పేరు కూడా ఇచ్చేశాడు. డెక్ మీద నిలబడి ఉంటే తెలుగు కనబడింది. "సిం... హా... అని మొదలెట్టాను టీచర్‌జీ. అయిపోయేదాకా ఊపిరి తియ్యలేదు." ఓడ ఇంకా గట్టుకు తగలకముందే అతను చొక్కా విప్పి ఊపుతున్నాడు. సింహాచలమ్మ చూసింది. దుప్పటి అంచు పట్టుకుని నిలబడిపోయింది. దీదీ మాత్రం నన్ను ఊపేస్తూ, అంత దూరం నుంచి చదివాడు, అంత దూరం నుంచి, అని అంటూనే ఉన్నారు. మిగతా పదకొండు పేర్లలో ముగ్గురి వాళ్లు దొరికారు. దొరకనివాళ్ల దుప్పట్లను దీదీ చాలాకాలం విప్పనివ్వలేదు.

ఆ మీదట ఆ అక్షరాలకు తీరిక లేదు. అల వస్తే ఎటు పరుగెత్తాలో చెప్పే బోర్డులు, మందుల షాపు, అంగన్‌వాడీ గోడ, పడవల పేర్లు. పోయినేడు మా పాత విద్యార్థిని ఒకమ్మాయి వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తానని నమూనాలు పంపింది. కళ్లు మసకబారిన దీదీ ఆ కాగితాన్ని కిటికీకి ఎత్తిపట్టి, 'ఘ' కడుపులో గాలాడటం లేదని తిప్పి పంపించారు. ఆ రోజంతా చిన్నపిల్లలా ఉన్నారు.

కర్మకాండ అయ్యాక పరీక్షల ఇన్విజిలేషన్ పని మీద ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ వెళ్లాను. రేవులో ఒక జాలరి కొత్త పడవకు పేరు రాసుకుంటున్నాడు. దిమ్మల్లాంటి పాదాలు, చెక్కముక్క తలకట్లు. ఎవరు నేర్పారని అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు.

"నేర్పడమేటి దీదీ? తెలుగు ఇలాగే కదా రాస్తారు."

మళ్లీ కుంచె ముంచాడు. పడవ నీళ్లలో దిగడానికి ఇంకా రెండు రోజులుంది. చివరి అక్షరం తడిగా ఉంది. దాని మీద ఒక కాకి వాలబోతే అతను చేత్తో అదిలించాడు.