పదకొండుసార్లు చెప్పిన పాఠం

"పుస్తకమైతే తెరిచి చూసేదాన్ని బాబూ. మొదటి పేజీ, మధ్యలో ఒక పేజీ, చివరి పేజీ. ఆ మూడూ చూడకుండా ఇరవయ్యారేళ్లలో ఒక్క పుస్తకాన్ని కూడా చెత్తలో వెయ్యలేదు, ఎవర్నైనా అడగండి. ఇది ఫైలు కదా అని పేరు చూశాను. పేరు చూసి తీసేశాను."

కథలు వినడానికి వచ్చినాయనతో లైబ్రరీ మేడమ్ ఆ మాట అంటున్నప్పుడు కూడా చేతులు ఆపలేదు. అట్ట ఊడిన కథల పుస్తకం వెన్నుకి జిగురు రాసి, గుడ్డ పట్టీ అంటించి, బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చింది. బడిలో పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ‘నిశ్శబ్దం మేడమ్’. ఎవరు కాస్త గొంతు పెంచినా ఆమె ఆ ఒక్క మాటే అంటుంది, అదీ గుసగుసగా. మొదట్లో ఆ పేరు వింటే కోపం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఈమధ్య మాత్రం ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆమె టీచరు కావాలనుకున్న మనిషి. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి రాసే ఓపిక లేక, ఈ బడివాళ్లు లైబ్రరీ గది తాళాలు చేతికిస్తే పుచ్చుకుంది. అప్పట్లో గదిలో ఉన్నవి మూడు బీరువాలు. అందులో సగం పుస్తకాలు, సగం చెదలు. చేరిన మొదటి వారమే ఒక పాత భూగోళం పుస్తకాన్ని పారేయబోతూ ఊరికే తిరగేసింది. చివరి పేజీలో ఎవరో పిల్ల పెన్సిలుతో వాళ్ల వీధి పటం గీసుకుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వీధి పోయింది. పుస్తకం మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉంది. మూడు పేజీల నియమం ఆ రోజు పుట్టిందే.

లెక్కల మాస్టారు ఆమెకన్నా ఏడాది ముందు ఆ బడిలో చేరారు. సుద్దముక్క ఉంటే చాలు, గోడనైనా నల్లబల్ల చేసేస్తారు. కంప్యూటరు దగ్గర మాత్రం మౌసుని డస్టరు పట్టుకున్నట్టు పట్టుకునేవారు. బడి మూసేసి పాఠాలు ఫోన్లలో నడిచిన ఏడాది, పక్కన కూర్చుని ఓపిగ్గా వీడియో తీయడం నేర్పింది మేడమే. ఇంట్లో మంచినీళ్ల కూజాకి ఫోను ఆనించి పాఠం చెప్పడం, దాన్ని బడివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీలోకి ఎక్కించడం, అన్నీ ఆమె చెప్పినవే.

"ఎక్కించాక ఫోన్లోంచి తీసేయండి మాస్టారూ, లేకపోతే ఫోను నిండిపోతుంది. లైబ్రరీలో ఉంటే ఇక ఎక్కడికీ పోదు" అని కూడా ఆమే చెప్పింది.

మాస్టారు అన్ని వీడియోలకీ ఒకటే పేరు పెట్టేవారు: భిన్నాలు. రెండోదానికీ అదే, మూడోదానికీ అదే. కంప్యూటరే పక్కన ఒకటీ రెండూ అని అంకెలు తగిలించుకునేది.

"పేరు మార్చండి మాస్టారూ, ఏది ఏదో తెలియొద్దూ?"

"పాఠం అదే కదా మేడమ్, పేరెందుకు మార్చడం? మీరు నన్ను రోజూ చూస్తారు. రోజుకో పేరు పెట్టి పిలుస్తున్నారా?"

అలా పదకొండు ‘భిన్నాలు’ చేరాయి. ఒకే పాఠాన్ని అన్నిసార్లు ఎందుకు తీస్తున్నారని ఆమె అడగలేదు. పెద్దాయనకి చాదస్తం అనుకుంది.

రెండేళ్లు గడిచాయి. ఆన్‌లైన్ లైబ్రరీలో చోటు నిండిపోయి, తెరమీద ఎర్రగీత వచ్చింది. కొత్త పాఠాలు ఎక్కడం లేదని హెడ్‌మిస్ట్రెస్ తొందరపెట్టారు. ఆ నెలలోనే లైబ్రేరియన్లకి రెండురోజుల శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. ఒకే టీచరు, ఒకే తరగతి, ఒకే పేరు ఉంటే కొత్తది ఉంచి పాతవి తీసేయండి అన్నాడు. మేడమ్ ఆ మాటను కొంగున ముడేసుకుని వచ్చింది. మిగతా బడులవాళ్లు నెల్లాళ్లు తంటాలు పడ్డ పనిని ఆమె ఒక్క మధ్యాహ్నంలో పూర్తిచేసింది. చెత్తబుట్ట ఖాళీ చేస్తే తప్ప ఎర్రగీత తగ్గదంటే, అదీ ఖాళీ చేసింది. గీత పచ్చబడింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు.

"టీచరు పరీక్ష తప్పినదాన్ని కదా బాబూ. టీచర్లందరూ నాకు చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లానో, తేలి వెళ్లానో."

నాలుగు నెలల తర్వాత మాస్టారి గొంతులో ఏదో పెరిగిందన్నారు. ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, గొంతు నిలవలేదు. తేరుకుని ఇంటికి వచ్చాక ఆయన పలక కొనుక్కున్నారు, పిల్లలు రాసుకునే నల్లపలకే.

ఒక మధ్యాహ్నం మాస్టారి భార్య లైబ్రరీకి వచ్చింది. చెమట తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెల్లీ, ఆయన గొంతు నీ దగ్గర భద్రంగా ఉంది కదా. ఒక్కసారి పెట్టు, వింటాను. ఇంట్లో గోడ గడియారం తప్ప ఇంకేదీ మాట్లాడటం లేదు."

మేడమ్ ఉన్న ఒక్కటీ పెట్టింది. అది పదకొండోది, అన్నిటికన్నా కొత్తది. బడి తెరిచాక, తెర కట్టిన గదిలో, మంచి లైట్ల కింద తీసింది. మాస్టారు మెడదాకా గుండీలు పెట్టుకుని, కాగితం చూసి చదువుతున్నారు. ఆవిడ ఒక్క నిమిషం విని తల అడ్డంగా ఊపింది.

"ఈయన మా ఆయన కాదమ్మా, వార్తలు చదివే ఆయన. ఇంట్లో తీసినవి ఉండాలే?"

"వెతికి పెడతాను అక్కయ్యా" అంది మేడమ్. వెతకడానికేమీ లేదని ఆ క్షణానికే ఆమెకు తెలుసు.

రెండువారాలు ఆ వీధి తప్పించి తిరిగింది. లైబ్రరీ సాఫ్ట్‌వేరు వాళ్లకి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. చెత్తబుట్ట ఖాళీ చేశాక ముప్ఫై రోజులు దాటితే తామేమీ చేయలేమని వాళ్లు ప్రతిసారీ అవే రెండు వాక్యాలు పంపారు. చివరికి ఒక ఆదివారం పొద్దున గుండె చిక్కబట్టుకుని మాస్టారింటికి వెళ్లింది. ముందుగదిలో నిలబడే అంతా చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనేమోనని భయం.

మాస్టారు విన్నారు. పలక తీసుకుని రాశారు: ‘పదకొండులో పది పోతే మిగిలింది ఎంత? భిన్నంలో చెప్పుము.’

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "పదకొండో వంతు మాస్టారూ" అంది. ఆయన పక్కన టిక్కు పెట్టారు. మాస్టారి భార్య మాత్రం నవ్వలేదు. మంచినీళ్ల గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు.

చెప్పులు వేసుకుంటుంటే మాస్టారు గుమ్మందాకా వచ్చి మళ్లీ పలక చూపించారు. ‘మూడు పేజీలు చూడలేదా?’

"కోపంతో అడగలేదు బాబూ. కోపంతో అడిగి ఉంటే పడేదాన్ని. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నా నియమం ఆయనకి తెలుసుగా. నేనది తప్పుతానని ఆయన నమ్మలేకపోయారు."

మర్నాటినుంచి మేడమ్ తనకు తెలిసిన పనే మొదలుపెట్టింది. గడువు దాటిన పుస్తకం తిరిగివ్వమని పిల్లల ఇళ్లకి పంపే చీటీల కట్ట ఒకటి బల్ల సొరుగులో ఉంటుంది. ఆ ఏడాది మాస్టారి దగ్గర చదివిన పిల్లల జాబితా తీసి, ఒక్కొక్కరికీ ఒక చీటీ నింపింది. పుస్తకం పేరు దగ్గర ‘భిన్నాలు’ అని రాసింది. కింద చిన్న అక్షరాలతో, మీ పాత ఫోనులో మాస్టారి పాఠం ఉంటే దయచేసి తీసుకురండి అని రాసింది. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? మూడోరోజు ఒక తండ్రి చీటీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంటండీ ఇది? మావాడు కాలేజీలో చేరాడు. పుస్తకాలన్నీ ఎప్పుడో ఇచ్చేశాడు. దొంగలమా మేము?"

"కాదు నాయనా, దొంగని నేనే" అంది మేడమ్. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అయినా పిల్లలు రాసాగారు. ఫోను అమ్మేశామన్నవాళ్లే ఎక్కువ. కానీ పాఠం అందరికీ గుర్తుంది. అప్పుడు తెలిసింది ఆమెకు, అవి ఒకే పాఠం కాదని. ఎవరైనా ఒక్క పిల్ల ‘అర్థం కాలేదు మాస్టారూ’ అని మెసేజి పెడితే, ఆయన ఆ సాయంత్రమే మళ్లీ మొదటినుంచి చెప్పి ఆ పిల్ల ఫోనుకి కూడా పంపేవారు, ఆ పిల్ల ఇంట్లో ఉండే వస్తువుతో. మేస్త్రీ కొడుక్కి ఇటుకలతో చెప్పారు. మూడో అంతస్తులో ఉండే పిల్లకి మెట్లతో చెప్పారు. ఒకడికి నీళ్ల సీసాతో, ఒకడికి బట్టలారేసే తాడుతో. మేడమ్ ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. పదింటిలో ఆరు తెలిశాయి. మిగతా నాలుగూ దేంతో చెప్పారో కూడా తెలియదు.

దర్జీ కూతురు మాత్రం ఫోను తెచ్చింది. అద్దం సాలెగూడులా పగిలింది, ఛార్జింగు వైరు వేలితో నొక్కిపట్టుకుంటే తప్ప వెలగదు. మేడమ్ నొక్కిపట్టుకుంది, పిల్ల వెతికింది. కూజాకి ఆనించి తీసిందే, బొమ్మ కాస్త ఒరిగి ఉంది. బనీనుతో మాస్టారు, మెడలో దర్జీ టేపు వేసుకుని.

"మీ నాన్న జాకెట్టుకి ముప్పావు మీటరు గుడ్డ అడిగాడనుకో. ముప్పావంటే ఏంటి? టేపు తియ్యి. సిగ్గుపడకు, అర్థం కాకపోతే మళ్లీ చెప్తా, నాకేం పనుంది?"

చివర్లో ఆయన పక్కకి తిరిగారు. "ఏమోయ్, టీ ఇస్తావా? లేక ఇవాళా అరకప్పేనా?"

లోపల్నుంచి ఆవిడ గొంతు వచ్చింది: "ముందు పాఠం అవనివ్వండి, అప్పుడు చూద్దాం వంతులు!"

ఆ సాయంత్రమే మేడమ్ దాన్ని మూడుచోట్ల దాచి, మాస్టారింటికి తీసుకెళ్లింది. మాస్టారి భార్య ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారి ఆ టీ మాట దగ్గర పకపకా నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదిగో, ఈయనే మా ఆయన" అంది. మాస్టారు పలక మీద ‘అరకప్పే’ అని రాశారు. ముగ్గురూ టీ తాగారు, నిండా.

మేడమ్ లేవబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మిగతావి కూడా ఇలాగే ఉండేవి కదూ చెల్లీ?"

అక్కడిదాకా చెప్పి మేడమ్ మళ్లీ పుస్తకం వైపు తిరిగింది. జిగురు ఆరిందో లేదో చూసి, పుస్తకం మీద బరువుగా రెండు నిఘంటువులు పెట్టింది. వచ్చే నెలాఖరుకి ఆమె రిటైరవుతుంది. తాళాలూ పాస్‌వర్డులూ కొత్తగా వచ్చే అమ్మాయికి అప్పజెప్పాలి. బల్ల సొరుగు లాగి, పిల్లల పేరు తప్ప అన్నీ నింపిన చీటీలు కొన్ని తీసి, రబ్బరుబ్యాండు వేసి ముందుకు జరిపింది.

"మీరు పదిమంది కథలూ వినడానికి పది ఊళ్లు తిరుగుతారు కదా బాబూ. ఇవి దగ్గర పెట్టుకోండి. ఈ బడిలో చదివినవాళ్లు ఎవరు తగిలినా ఒకటివ్వండి. ఇంకా తొమ్మిది దొరకాలి. ఫోన్లో దాని పేరు భిన్నాలని ఉండదు, ఏవో అంకెలుంటాయి. పేరు చూసి లేదనుకోవద్దని చెప్పండి. మొదట కాస్త, మధ్యలో కాస్త, చివర్లో కాస్త వినమనండి. విన్నాకే తీసెయ్యమనండి."