బొట్టు పెట్టని పిలుపు

గుణదలలో మా అపార్ట్‌మెంట్ మీటింగులో తడిచెత్త, పొడిచెత్త గురించి నన్ను మాట్లాడమన్నారు. బోలెడు స్లైడ్లు తయారుచేసి, ముందు మా అత్తగారికి వినిపించాను. ఆవిడ ఓపిగ్గా అంతా విన్నారు.

"పెళ్ళికి పిలవడానికెళ్ళి, కబుర్లు చెప్పి, కాఫీ తాగి, బొట్టు పెట్టకుండా వచ్చేసినట్టుందమ్మాయ్. ఇంతకీ వాళ్ళనేం చెయ్యమంటావు?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే స్లైడ్లన్నీ తీసిపారేసి, రేపట్నుంచి ప్రతి ఇంట్లో రెండు బుట్టలు పెట్టాలన్న ఒక్క మాట చుట్టూ ప్రసంగం మళ్ళీ రాసుకున్నాను.

మీటింగులో అదే చెప్పి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తగారు మాత్రం లేచి, సంచీలోంచి కుంకుమ భరిణె తీసి, ఆడవాళ్ళందరికీ వరసగా బొట్టు పెట్టడం మొదలుపెట్టారు.

"మా కోడలి పిలుపమ్మా. రెండు బుట్టలూ తప్పకుండా పెట్టాలి!"