నాకొక్కడికే ఉన్న కొలెస్ట్రాల్

కొలెస్ట్రాల్ అనే మాట మా నర్సీపట్నం చర్చిలో మొట్టమొదట నా గురించే వినబడింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మోకాలి నొప్పికని డాక్టరు దగ్గరికి వెళితే ఆయన మోకాలిని వదిలేసి రక్తం తీయించాడు. కొలెస్ట్రాల్ ఎక్కువన్నాడు.

మా చర్చిలో ఆరాధన మధ్యలో ప్రార్థన మనవులు అడుగుతారు. ఎవరి కష్టం వాళ్ళు లేచి చెప్పుకోవాలి. ఈస్టరు నాడు మా ఆవిడ నా కష్టం చెప్పడానికి లేచింది.

"మా ఇంటాయనకి ఒంట్లో కొలెస్ట్రాల్ సేరిందండి. బేగి దిగిపోవాలని ప్రార్థన సెయ్యండి."

పాస్టరుగారు కళ్ళు మూసుకుని, నా ఒంట్లోంచి వెళ్ళిపొమ్మని దాన్ని గట్టిగా గద్దించారు. సంఘమంతా ఆమెన్ అంది. వెనక వరసలో ఒకరు నవ్వారు. ఎవరో నాకు తెలుసు.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు. అడ్డాకు విస్తళ్ళు వేసి అందరినీ బంతిలో కూర్చోబెట్టారు. వేటమాంసం బకెట్టు పట్టుకున్నది ఆ నవ్వినవాడే, మా ఆవిడ తమ్ముడు. అందరికీ ముక్కలు వేసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"నీకు ముక్కొద్దు బావా. పులుసేసుకో."

"ఏటిరా?"

"కొవ్వంతా ముక్కలోనే ఉంటాదంట. అప్ప సెప్పింది."

అప్ప అంటే వాళ్ళక్క, మా ఆవిడే. నూనె తేలుతున్న పులుసు మూడు గరిటెలు పోసి వెళ్ళిపోయాడు. ఆ ముక్కల్లోని కొవ్వంతా కరిగి దిగింది అందులోకే. ఆ మాట చెబితే వినేవాడు లేడు.

నేను ఊరుకోలేదు. మిగతావాళ్ళ ఒంట్లో ఏముందో తేలాలని పాస్టరుగారి వెంటపడ్డాను. చివరికి చర్చి ఆవరణలోనే రక్తపరీక్షలు పెట్టించారు. పరగడుపున రమ్మన్నందుకు కూడా అందరూ నన్నే తిట్టారు.

తరవాతి ఆదివారం మనవులకు ఒకరి వెనక ఒకరు లేచారు. అందరిదీ ఒకటే మనవి. పాస్టరుగారు అలసిపోయి, "ఉన్నవాళ్ళు చేతులెత్తండి చాలు" అన్నారు. నాతవరం నుంచి వచ్చే బక్కపలచని రైతులు కూడా ఎత్తారు. మా బావమరిది ఎత్తాడు. ఎత్తనివాళ్ళు పరీక్షకు రానివాళ్ళు. పాస్టరుగారు కూడా ఒక చెయ్యి ఎత్తి, దాన్నే దీవెనగా మార్చేశారు.

కోతపండుగ విందుకి నిశ్చింతగా కూర్చున్నాను. ఇక అందరికీ ముక్కలైనా పడాలి, పులుసైనా పడాలి. అందరికీ ముక్కలే పడ్డాయి. నాకు మాత్రం బావమరిది ఒక్క ఎముక వేశాడు.

"అందరికీ ఉంది కదరా!"

"అందరికీ ఉన్నాక అదింకా జబ్బేటి బావా? ఒంటి తత్వం. నీది మాత్రం పాతది."

నేను లేవలేదు. విస్తరి పట్టుకుని రెండో బంతిలోనూ కూర్చున్నాను. ఈసారి గరిటె పట్టింది ఎస్. రాయవరం నుంచి వచ్చిన చుట్టం. ఆయనకి నా సంగతి తెలియదు. నాలుగు ముక్కలు వేశాడు. "ఆయనకేత్తున్నారేటండీ!" అని ఆడవాళ్ళ బంతిలోంచి మా ఆవిడ కేక వేసేలోగా రెండు తినేశాను. మిగతా రెండూ బావమరిది తీసుకుని, నా ఎదుటే నిలబడి తిన్నాడు. అతనికీ కొలెస్ట్రాల్ ఉంది. ఆ సంగతి ఆ బంతిలో నేను తప్ప ఎవరూ ఎత్తలేదు.