పంటెక్కని గొడుగావిడ

ఆవేళ నేను కంప్యూటర్ని పాత దుప్పట్లో చుట్టి అట్టపెట్టెలో కూరుతున్నాను. ఇంక నావల్ల కాదనిపించింది. నేనూ నా స్నేహితుడూ కలిసి ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి చేసేం. గోదావరి మీద బల్లకట్టులాంటి పంటు నడపాలి, అంతే. మోటారు సైకిళ్ళనీ, మేకల్నీ, అరటిగెలల్నీ, పెళ్ళివాళ్ళనీ ఎక్కించుకుని, ఓ పక్కకి ఒరిగిపోకుండా అవతలి రేవుకి చేర్చాలి. తర్వాత స్నేహితుడు ఖతారు వెళ్ళిపోయేడు. ఆట నా మెడకి చుట్టుకుంది. కొత్త ఫోన్లో ఆగిపోతోందని ఒకడు తిడతాడు. మేక నీళ్ళలో పడితే పాపం తగలదా అని ఇంకొకడు తిడతాడు. పడుకుని లేచినా తీరని అలసట పట్టుకుంది నన్ను. హైదరాబాదులో ఉద్యోగం ఒప్పేసుకున్నాను. వెళ్ళేలోగా ఆటని ఎవరికీ కనబడకుండా తీసేద్దామనుకున్నాను.

అప్పుడే కింద కొబ్బరికాయలు ఒలిచే షెడ్డులోంచి కేక వినబడింది. "అబ్బాయిగారూ, మీ కోసం ఎవరో ఆవిడొచ్చేరండీ. హెడ్డాఫీసు ఎక్కడని అడుగుతున్నారు."

ఆ హెడ్డాఫీసు నా స్నేహితుడి బడాయి. ఆటకి చిరునామా ఇవ్వాలంటే కొత్తపేటలో మా ఇంటి డోరు నంబరు రాసి, దాని పైన 'ప్రధాన కార్యాలయం' అని తగిలించేడు. ఆ కార్యాలయం కాలవగట్టు మీద, షెడ్డు పైన, ఓ రేకుల గది. వేసవిలో అందులో కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు.

మెట్లెక్కి వచ్చినావిడకి యాభై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డసంచీ. కర్నూలు వైపునుంచి రైలూ, బస్సులూ మారి వచ్చేరట. గది నాలుగు వైపులా చూసి, "ఆఫీసు ఏది సార్?" అన్నారు.

"ఇదేనండీ."

"మిగిలినోళ్ళు ఎప్పుడొస్తారు?"

"ఎవరూ లేరండీ. నేనే."

ఆవిడ కుర్చీలో కూలబడిపోయేరు. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. చెప్పా పెట్టకుండా వచ్చి, నా గది చూసి మొహం వేలాడేస్తే నేనేం చెయ్యను? పైకి మాత్రం ఫ్యాను ఆవిడ వైపు తిప్పి, ఏం పని మీద వచ్చేరండీ అని అడిగేను.

"మా అమ్మ మంచంలో ఉంది సార్. నేను మీ ఆట ఆడతాంటే పక్కన పండుకోని చూస్తాంటాది. అన్నానికీ నీళ్ళకీ కూడా నోరు తెరవదు. అది మాత్రం అడుగుతాది. గట్టు మీద గొడుగు పట్టుకోని ఒకామె నిలబడి ఉంటాది గదా, ఆయమ్మ ఎక్కిందా అని. రోజూ లేదమ్మా అని చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. ఆట మొత్తం గెలిచినా ఆయమ్మ ఎక్కలేదు. ఏం చేస్తే ఎక్కుతాది సార్? అది కనుక్కోని పోదామని వచ్చినా."

గొడుగావిడ అసలు ప్రయాణికురాలే కాదు. గట్టు బోసిగా ఉందని మా ఆవిడ వేసిన బొమ్మ. వెనకున్న కొబ్బరిచెట్లు ఎంతో గొడుగావిడా అంతే. ఎక్కదు, కదలదు.

ఆ మాటే చెప్పెయ్యబోయేను. ఈలోగా మా అమ్మ మంచినీళ్ళు పట్టుకుని పైకొచ్చింది. "ఎండనపడి వచ్చేరు, ముందు కాళ్ళు కడుక్కోండమ్మా. భోజనాలయ్యేక మాట్లాడుకోవచ్చు" అంది. మా ఇంట్లో ఎంత చెడ్డ కబురైనా ఎదటి మనిషి కడుపు నిండేకే చెబుతారు. సరే, తిన్నాకే చెబుదామనుకున్నాను.

అక్కడే పప్పులో కాలేసేను. పనసపొట్టు కూర వడ్డిస్తూ మా అమ్మ ఆవిడ దగ్గర సంగతంతా లాగేసింది. "ఓస్, అంతేనా? మావాడు ఎక్కించేస్తాడని మీ అమ్మగారికి చెప్పండమ్మా. మనిషిని పంటెక్కించడం ఎంతసేపు పని" అంది. పెరుగు గిన్నె పట్టుకుని మా ఆవిడ నా వైపు చూసింది. నేను నోరు తెరిచేను. కర్నూలావిడ ముద్ద కలపడం ఆపేసి, "నిజంగానా సార్?" అన్నారు. విస్తరి ముందు కూర్చున్న మనిషికి లేదని ఎలా చెప్పడం? "ఆయ్, చేద్దామండీ" అనేసేను.

మా అమ్మ ఆవిడ సంచీలో పూతరేకులూ, రెండు కొబ్బరికాయలూ కుక్కింది. ఆటో ఎక్కేక ఆవిడ తల బయటికి పెట్టి, "బిరీన చేయండి సార్. అమ్మ ఎక్కువ దినాలు ఉండదంటాండారు" అన్నారు.

ఆటో సందు తిరగ్గానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నీకేం తెలుసని మాటిచ్చేసేవు?" అన్నాను.

"అన్నం తింటున్న మనిషికి లేదని చెప్పమంటావా?" అని, గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

తిట్టుకుంటూనే దుప్పటి విప్పేను. తీరా చూస్తే గొడుగావిడకి పాదాలే లేవు. గడ్డిలో కనబడవు కదా అని మా ఆవిడ వెయ్యలేదట. ఇప్పుడు పాదాలు కావాలి, నడక కావాలి. మర్నాటినుంచి మా ఆవిడ బడిలో పాఠాలు చెప్పి వచ్చి, బొమ్మ మీద బొమ్మ వేస్తూ కూర్చుంది. "ఎక్కేముందు గొడుగు ముడిపించాలండోయ్. గోదారి గాలికి ఆవిడే ఎగిరిపోతుంది" అని వేళాకోళం ఒకటి. మా ఆటలో ప్రతి మనిషికీ బరువుండాలి, లేకపోతే పంటు లెక్క తప్పుతుంది. ఆవిడకెంత పెట్టనని అడిగేను. "ఇన్నాళ్ళు నిలబడ్డ మనిషి, ఏం మిగిలుంటుంది? తేలిగ్గానే పెట్టండి" అంది.

మొత్తానికి ఆవిడ ఎక్కింది. ఆట మార్చి పెట్టి కర్నూలావిడకి కబురు చేసేను. అమ్మయ్య, పీడ వదిలింది, ఆ ముసలావిడ చూసేక ఆట తీసెయ్యొచ్చు అనుకున్నాను. మర్నాడు ఫోనొచ్చింది.

"ఎక్కింది సార్. అమ్మ చూసింది" అన్నారు. "ఇప్పుడు ఇంకోటి అడుగుతాంది. ఆయమ్మ దిగి ఎవరింటికి పోతాది అని."

ఆట తెరిచి చూసేను. అవతలి గట్టు మీద గొడుగావిడ దిగి నిలబడి ఉంది. ఆ పక్క మేం ఒక్క ఇల్లు కూడా వెయ్యలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ముసలావిడ మీద జాలో, ఇంక ఓపిక లేకో చెప్పలేను.

"మీ అమ్మగారి పుట్టిల్లు ఎలా ఉండేదండీ?" అని అడిగేను.

"మట్టిమిద్దె సార్. వాకిట్లో యాపచెట్టు."

కొబ్బరితోటల మధ్య మా ఆవిడ మట్టిమిద్దె వేసింది, ముందు వేపచెట్టు వేసింది. తలుపు తెరిచే ఉంచింది. గొడుగావిడ గట్టు దిగి, నడిచి, లోపలికి వెళ్ళిపోతుంది. అది చూసి ఆ పెద్దావిడ "చేరింది" అన్నారట. మళ్ళీ ఏమీ అడగలేదట. ఆ వారం దాటకుండానే పోయేరని కూతురు ఫోన్లో చెప్పేరు.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. గోదావరి గట్టు మీద సీమ మిద్దె ఏమిటి, బుద్ధుందా అని జనం ఇప్పటికీ తిడుతున్నారు. సెలవు దొరికినప్పుడల్లా ఆ ఆటని తీసేద్దామనే కూర్చుంటాను. తెరవగానే ఆవిడ గొడుగు ముడుచుకుని పంటెక్కుతుంది. ఇల్లు చేరేదాకా చూసి, కంప్యూటరు కట్టేస్తాను.