మిషన్ గొంతులో మునక్కాయ పిప్పి

నా చిన్నప్పుడు నేను మనస్ఫూర్తిగా ద్వేషించింది ఒక్కదాన్నే: గిన్నెలు కడిగే మిషన్ని. మనుషుల మీద కోపం వచ్చేది, పోయేది. దాని మీద కోపం మాత్రం నెలల తరబడి చెక్కు చెదరలేదు.

మాది తమిళనాడులోని గుడియాత్తంలో నేతపని చేసే తెలుగిల్లు. ఆడపిల్ల కాస్త ఎదిగిందంటే మగ్గానికి కండెలు చుట్టడానికి కూర్చోవాల్సిందే. నన్ను మాత్రం మా మేనత్త వేలూరుకు తీసుకుపోయి బడిలో వేసింది. మామ చనిపోయాక ఆమె ఒక డాక్టరమ్మ ఇంట్లో గిన్నెలు తోమి బతికేది. పిల్లలు లేరు. నా పుస్తకాలు, నా యూనిఫారం, నా తలకు పెట్టే నూనె, అన్నీ ఆ గిన్నెలు తోమిన చేతుల్లోంచే వచ్చేవి. బడి వదలగానే నేనూ ఆ ఇంటికే పోయేదాన్ని. పళ్ళేల్లోని ఎంగిలి దులిపి అత్తకు అందించేదాన్ని. నాకు చదువు చెప్పించాలని ఆమెకు ఎందుకంత పట్టుదలో అప్పట్లో నాకు తెలియదు. ఆమెకు నేను కావాలి, అంతవరకే తెలుసు. ఆ వయసుకి అదే చాలు.

డాక్టరమ్మ వాళ్ళు చిత్తూరు వైపు తెలుగువాళ్ళు. కొన్నేళ్ళు విదేశంలో ఉండి వస్తూ, ఓడలో సామానుతో పాటు ఆ మిషన్ని తెచ్చుకున్నారు. దాన్ని వంటింట్లో పెట్టిన రోజు వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. డాక్టరమ్మ అత్తగారు మాత్రం గుమ్మంలో నిలబడి, "ఇంక తోమేదానికి మనిషితో ఏం పనుండాది?" అంది. ఆ మాట మా అత్త వినలేదో, విని ఊరుకుందో తెలియదు. నేను విన్నాను. పని పోతే అత్త ఊరికి తిరిగి రావాలి. అత్త ఊరికొస్తే నేను కండెల ముందు కూర్చోవాలి. అంత మాత్రం ఊహించడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

మొదట్లో ఆ మిషన్ నాకు అనుకూలంగానే నడుచుకుంది. వాళ్ళు తెచ్చుకున్న పొడి అయిపోతే బట్టల సబ్బుపొడి పోశారు. నురగ పొంగి వంటిల్లు దాటి నడవలోకి వచ్చింది. ఆ తర్వాత వేలూరు బావినీళ్ళ ఉప్పు తన ప్రతాపం చూపించింది. గాజు గ్లాసులు విభూతి పూసుకున్నట్టు తెల్లగా బయటికి వచ్చేవి. మా అత్త వాటిని చింతపండు పెట్టి మళ్ళీ తోమేది. నాకు లోపల్లోపల పండగే. కానీ డాక్టరమ్మ పట్టు వదిలే మనిషి కాదు. అసలు పొడి తెప్పించింది, గొట్టాన్ని మంచినీళ్ళ కుళాయికి మార్పించింది. మిషన్ బుద్ధిగా పనిచెయ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు నేనొక పని చేశాను. పళ్ళేలు మిషన్లో సర్దే ముందు ఎంగిలి దులపాలి కదా, దులపడం మానేశాను. అంతటితో ఆగలేదు. ఆ ఇంట్లో మునక్కాయ సాంబారు లేని వారం ఉండదు. నమిలి పడేసిన మునక్కాయ పిప్పిని, కరివేపాకుతో సహా, మిషన్ అడుగున ఉండే జల్లెడ ఎత్తి దాని కిందికి తోసేదాన్ని. ఆ మిషన్ని చేసిన దేశంలో మునక్కాయ మొహం ఎవరూ చూసి ఉండరు. పాపం, దానికేం తెలుసు!

వారం తిరక్కుండానే అడుగున నీళ్ళు నిలిచిపోయాయి. తలుపు తీస్తే కంపు. మద్రాసు నుంచి మెకానిక్కును పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మనిషి. నీళ్ళలో తేలుతున్న మెతుకుల్ని చూసి ముక్కు మూసుకున్నాడు. వెనక వైర్లు చూశాడు, పక్కల తట్టి చూశాడు, లోపల మాత్రం చెయ్యి పెట్టలేదు. పరాయివాళ్ళ ఎంగిల్లో చెయ్యి పెట్టడమా! పంపు కాలిపోయింది, సామాను ఇక్కడ దొరకదు, పాత ఇనుముకు వేసెయ్యండి అని తేల్చి చెప్పి పోయాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

మరునాడు శనివారం, నాకు బడి లేదు. పాత ఇనుము బండి వచ్చేలోపు నీళ్ళు తోడేసి, మిషన్ని తుడిచిపెట్టమని డాక్టరమ్మ చెప్పింది. అత్త తోడింది, తుడిచింది. తర్వాత ఏమనుకుందో, తలుపు మూసి, ఒక్కసారి మీట నొక్కమని డాక్టరమ్మను అడిగింది. పక్కకు చెవి ఆనించి వింది. లోపల గుర్రుమంటోంది.

"దీనికి ఉయిరు ఉండాది డాక్టరమ్మా. గొంతుకు ఏందో అడ్డం పడిండాది, అంతే," అంది. మా వైపు ప్రాణాన్ని అరవవాళ్ళలాగే ఉయిరు అంటాం.

మీట ఆపించి, ప్లగ్గు పీకించి, కొంగు నడుముకు చెక్కి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టింది. జల్లెడ ఊడి వచ్చింది. దాని కింద నుంచి పిప్పి పిడికిళ్ళ కొద్దీ వచ్చింది. నీళ్ళు చిమ్ముతూ తిరిగే రెక్క ఒకటి ఉంటుంది. దాని బొక్కల్లో తాళింపు ఆవాలు కొలత తీసి చేసినట్టు ఇరుక్కుని కూర్చున్నాయి. చీపురు పుల్ల తెమ్మంటే తెచ్చి ఇచ్చాను. ఒక్కొక్క బొక్కలో పొడిచి ఒక్కొక్క ఆవగింజనే తీసింది.

పళ్ళెంలోంచి జారిన ఎంగిలి జల్లెడ మీదే ఆగుతుంది. కిందికి పోవాలంటే ఎవరో తోయాలి. ఏళ్ళ తరబడి ఎంగిలి ఎత్తిన చేతికి ఆ తేడా తెలియదా? అత్త పిప్పిని గుప్పిట్లో పట్టుకుని నా వైపు చూసింది. ఎక్కువసేపు చూడలేదు. ఇదంతా లోపలికి ఎట్లా పోయిందని డాక్టరమ్మ అడిగింది.

"నేనేమ్మా. తొందరలో సరింగా దులపకుండా పెట్టేసినాను. తప్పు నాదే," అంది మా అత్త.

ఆ ఒక్క మాటతో అప్పటికప్పుడే పని పోవచ్చు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను నోరు తెరవలేదు. డాక్టరమ్మ ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. కాసేపటికి నీళ్ళు గలగలా బయటికి పోయాయి. పాత ఇనుము బండి ఖాళీగా తిరిగిపోయింది.

ఇంటికి నడిచొస్తున్నప్పుడు అత్త తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. దారి సగం దాటాక నెమ్మదిగా అంది: "అడుగు తుప్పు పట్టిన గిన్నెకు మాటేసినా నిలవదు, దాన్ని పారేసేదే. ఉయిరు ఉండేదాన్ని మాత్రం సచ్చిపోయిందని చెప్పబాకు నాయనా. మన కూటి కోసమైనా సరే." ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. టీ అంగడి దగ్గర ఆగి నాకొక బన్ను కొనిపెట్టింది. నేను ఏడుస్తూనే తిన్నాను.

కథల్లో అయితే డాక్టరమ్మ మెచ్చుకుని మా అత్తను కడదాకా ఉంచుకునేది. అలా జరగలేదు. కొన్నాళ్ళకు మర్యాదగానే పని మాన్పించారు. అత్త ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలో చేరింది. తెల్లవారకముందే లేచి రైలెక్కేది. నన్ను మాత్రం ఒక్కరోజు కూడా బడి మాననివ్వలేదు. సాయంత్రం ఎంత కడుక్కున్నా ఆమె చేతులు జిగురు వాసన వేసేవి. ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేది.

ఇప్పుడు కాట్పాడిలో మా ఇంట్లోనూ ఒక డిష్‌వాషర్ ఉంది. దీనికి ముందున్నదానికి లోపలి తొట్టే తుప్పు పట్టి, నీళ్ళు వైర్ల మీదికి కారుతుంటే, మరమ్మతు మాట ఎత్తకుండా పంపేశాను. మొన్న ఈ కొత్తదాంట్లో నీళ్ళు నిలిచాయి. మా అమ్మాయి అప్పుడే ఫోన్లో ఇంకోదాన్ని వెతకడం మొదలుపెట్టింది. నేను ప్లగ్గు పీకి చెయ్యి పెట్టాను. "యాడ పెడతా ఉండావమ్మా చెయ్యి, ఎంగిలి!" అని అరిచింది. జల్లెడ శుభ్రంగానే ఉంది, రెక్క బొక్కలూ బాగున్నాయి. చూడగా, నీళ్ళు పోయే గొట్టం గోడకూ మిషన్‌కూ మధ్య మడత పడి ఉంది. మడత తీశాను, అయిపోయింది. మా అమ్మాయి నన్ను పెద్ద ఇంజనీరును చూసినట్టు చూసింది. సిగ్గేసింది. ఆ మెప్పు నాది కాదు.

మా అత్త ఇప్పుడు గుడియాత్తం దగ్గరి పరదరామిలో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. చూపు తగ్గింది గానీ చెవులు బాగానే వినిపిస్తాయి. ఆ పిప్పి తోసిందెవరని ఆమె ఏనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నా తప్పు తన నెత్తిన వేసుకుంటే, ఇన్నేళ్ళుగా దాన్ని అక్కడే ఉండనిచ్చాను. ఎన్నిసార్లు పోయానో, ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిన మాటను దిగమింగుకుని బస్సెక్కానో నాకే తెలుసు. నోటితో చెప్పలేకే ఇలా రాశాను. మా అత్తకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఈ ఆదివారం పోయి, పక్కన కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా నేనే చదివి వినిపించాలి.