వదినా, ప్లాటినం మందూ

మా వదిన పోయిందని ఆదివారం పొద్దున్న చోడవరం నుంచి ఫోన్ వచ్చింది. అవతల అన్నయ్య. "మీ వదిన ఎల్లిపోయిందిరా" అని పెట్టేశాడు.

ఆ మాట చెప్పడానికి అతను మిగిలి ఉన్నాడంటే ఆమె వల్లే. ఆ సంగతి మీకు చెప్పాలి.

డెబ్బైల చివరి రోజులు. వదిన విశాఖపట్నంలో పరిశోధన చేసేది. లోహాలు రక్తంలోని ప్రోటీన్లకు ఎలా అతుక్కుంటాయన్నది ఆమె చదువు. అన్నయ్య గోవాడ చక్కెర మిల్లుకు చెరుకు తోలేవాడు. వృషణంలో క్యాన్సర్ గడ్డ పుడితే సిగ్గుపడి దాచాడు. బయటపడేసరికి అది పొట్టలోకి పాకింది. విశాఖ ఆసుపత్రిలో, విదేశం నుంచి కొత్తగా వచ్చిన ప్లాటినం మందు ఎక్కించారు.

ఆ వాంతులు నేను మరిచిపోలేను. పేగులు నోట్లోకొస్తున్నట్టు మెలికలు తిరిగేవాడు. బేసిన్ పట్టుకున్న వదినను తన్నేవాడు. ఒకసారి ఇత్తడి చెంబు విసిరితే ఆమె కనుబొమ చిట్లింది. రక్తం తుడుచుకుని మళ్లీ బేసిన్ పట్టింది.

ఇంటికొచ్చాక, "సచ్చిపోతాను గానీ మళ్లీ రాను" అని అన్నయ్య మంచం దిగలేదు. వదిన గిన్నెలో గుడ్డు తెల్లసొన వేసి, పైరుకు చల్లే మైలుతుత్తం కలిపిన నీళ్లు పోసింది. సొన నీలంగా గడ్డకట్టింది.

"సూడండి, తుత్తంలో ఉన్న రాగిని ఎలా పట్టేసుకుందో. మీ రక్తంలోనూ ప్రోటీన్లు మందుని ఇలాగే పట్టేసుకుంటాయి. అతుక్కున్నది గడ్డనేం సెయ్యలేదు. మిగిలిన కాస్తే దాన్ని కొడతాది. అందుకే మళ్లీ మళ్లీ ఎక్కించాలి."

అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మళ్లీ మందుకి ఆసుపత్రికి బయల్దేరాల్సిన రోజు మా చిన్నాన్న చెరుకు నరికే కత్తితో గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒసే, మా గుంటడికి విషమెక్కించి సంపేస్తన్నావే!"

వదిన జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నేను మధ్యలోకి వెళితే కత్తి వెనకవైపుతో నా భుజం మీద వేశాడు. వదిన మూలనున్న రోకలి అందుకుంది. చిన్నాన్న మోకాలు విరిగిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

"ఈయన్ని సంపుతున్నది ఆ గడ్డ, చిన్నమావయ్యా. దాన్ని సంపేదాకా నేనాగను" అంది వగరుస్తూ.

అన్నయ్య తనంతట తానే లేచి, బయట ఆగి ఉన్న జీపెక్కాడు.

మందు ఎక్కించిన ప్రతిసారీ నరకమే. చివరికి గడ్డ కరిగింది. తను ఊళ్లో ఉన్నప్పుడల్లా చిన్నాన్న మోకాలికి కట్టు మార్చింది వదినే. ఆయన బూతులు తిడుతూనే కాలు చాపేవాడు. "కొట్టినందుకు నాకు బాధ లేదు, ఆయన నొప్పి సూస్తేనే బాధ" అనేది నాతో.

ఆ ఆదివారం వదిన చితి దగ్గర అన్నయ్య చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. ఆ మందు ఆనాడే అతని అరికాళ్లలో స్పర్శ తీసేసింది. మంటకేసి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు నిప్పుల మీద పడింది. చర్మం కాలిన వాసన మా అందరికీ తగిలింది. అతను మాత్రం ఆమెనే చూస్తూ ఆ నిప్పుల మీదే నిలబడ్డాడు.